కొండారెడ్డి బురుజు దగ్గర తాతల నాటి మిద్దె: ఉంచుకోవాలా, బిల్డరుకు ఇచ్చేయాలా?

గవాక్షి
కర్నూలు పాతబస్తీలో మా తాత కట్టించిన మిద్దె ఉంది. కొండారెడ్డి బురుజు నుంచి నడిస్తే మూడు నిమిషాలు. నాన్న పోయి రెండేళ్లయింది. ఇప్పుడు అమ్మ, నేను, ఇద్దరు తమ్ముళ్లు హక్కుదారులం. ఒక బిల్డరు వచ్చి, ఇల్లు పడగొట్టి కింద దుకాణాలు, పైన గోదాము, ఆ పైన రెండు ఫ్లాట్లు కట్టి అందులో సగం ఇస్తానంటున్నాడు. దసరా లోపు సంతకాలు కావాలట.

పెద్ద తమ్ముడు బెంగళూరులో ఉంటాడు, ఇచ్చేద్దామంటాడు. చిన్నవాడు ఏ మాటా చెప్పడు. అమ్మను అడిగితే "మీ ఇష్టం" అంటుంది, అని పడసాలలోకి వెళ్లి కూర్చుంటుంది. అక్కడ కప్పులో గవాక్షి ఉంది. అందులోంచి పడే ఎండ నలుచదరంగా నాపరాళ్ల మీద జరుగుతూ ఉంటుంది. అది మూడో రాయి దాటితే అమ్మ బియ్యం కడుగుతుంది. ఇంట్లో గోడ గడియారం ఉంది, కానీ ఆమె దాన్ని చూడగా నేను ఎన్నడూ చూడలేదు.

నా చిన్నప్పుడు ఆ సందులో పదకొండు ఇళ్లలో దీపం వెలిగేది. ఇప్పుడు నాలుగు. మిగిలినవి ప్లాస్టిక్ బిందెల గోదాము, అట్టపెట్టెల గోదాము, సోఫాల తయారీ, ఇలా అయిపోయాయి. రాత్రి పదకొండుకు సరుకు ఆటోలు వస్తాయి. ఇటువంటి ఇళ్లను నిలబెట్టుకున్నవాళ్లు, ఇచ్చేసినవాళ్లు ఇద్దరూ చెప్పండి.

రాజ్‌విహార్‌వాసి
ఇవ్వకండి. ఒకసారి పడగొడితే మళ్లీ కట్టలేరు.

షరాఫ్‌బజార్
"ఇవ్వకండి" అని చెప్పడం సులభం. ఆ ఇంట్లో ఉండేది మీరు కాదు కదా.

నేను పాతబస్తీలోనే పుట్టాను, ఇప్పటికీ అక్కడే వ్యాపారం. మూడేళ్ల కిందట అర్ధరాత్రి మా అమ్మకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సు సందు మొదట్లోనే ఆగిపోయింది, లోపలికి పట్టలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకొని పోయాం. దారిలో ఒక అరుగు, ఒక విరిగిన మెట్టు, నిలిపి ఉంచిన రెండు మోటారు సైకిళ్లు. అమ్మ బతికింది, దేవుడి దయ. ఆ రాత్రి నుంచి నాకు ఆ సందులు అందంగా కనిపించడం మానేశాయి.

రోడ్లు వెడల్పు కావాలి, కొత్త కట్టడాలు రావాలి. అగ్నిమాపక వాహనం దూరలేని చోట నాలుగు వందల కుటుంబాలు ఉండడం వారసత్వం కాదు, ప్రమాదం.

కందెనవోలు
షరాఫ్‌బజార్ గారు చెప్పింది నిజం, కాదనను. కానీ ఒక్కటి అడుగుతాను. గవాక్షి గారి సందులో ఇప్పటికే ఏడు ఇళ్లు మారిపోయాయి. అవి మారాక సందు వెడల్పు అయిందా? గోదాములు గోడ గోడకు ఆనించి, ఉన్న అరుగు స్థలం కూడా కలుపుకొని కట్టారు. అంబులెన్సుకు దారి కావాలంటే రోడ్డు విస్తరణ చేయాలి. ఇళ్లు గోదాములు కావడం వల్ల దారి రాదు, పైగా సరుకు ఆటోలు వచ్చి చేరతాయి.

షరాఫ్‌బజార్
ఆ ఆటోల మాట ఒప్పుకుంటాను. గోదాములు ఊరి నడుమ ఉండకూడదు. దుకాణాలు మాత్రం ఉండాలి.

బనగానపల్లె_మామిడి
మా అవ్వగారి మిద్దెకూ గవాక్షి ఉండేది. ఒక ఎండాకాలం పిల్లి అందులోంచి దూకి నేరుగా పెరుగు కుండలో పడింది. అవ్వ పిల్లిని తిట్టలేదు, మూత పెట్టని మా పిన్నిని తిట్టింది. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. గవాక్షి అన్న మీ పేరు చూడగానే ఆగిపోయి రాస్తున్నాను.

హంద్రీ_ఒడ్డు
2009 అక్టోబరు 2 సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? పాత ఇళ్ల గురించి కర్నూలులో మాట్లాడితే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

గాంధీ జయంతి నాడు తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగాయి. కింద శ్రీశైలం నిండి నీళ్లు వెనక్కి తన్నాయి. మధ్యాహ్నానికి మా వీధిలో మోకాళ్ల లోతు, చీకటి పడేసరికి తలుపు పైకమ్మి. మాది ఒక్క అంతస్తు మిద్దె. మిద్దె మీదికి ఎక్కాం, అక్కడికీ నీళ్లు వస్తాయేమో అని భయం. ఎదురింట్లో మూడంతస్తుల కొత్త కట్టడం ఉండేది. ఆ ఇంటివాళ్లు తాడు విసిరి, నిచ్చెన అడ్డం వేసి మమ్మల్ని దాటించారు. ఆ రాత్రి వాళ్ల పైఅంతస్తులో ఎంతమంది ఉన్నామో లెక్క లేదు, కూర్చోవడానికే చోటు లేదు. ఆ కొత్త కట్టడం లేకపోతే నేను ఇది రాసేవాణ్ణి కాదు.

నీళ్లు తీశాక వచ్చి చూస్తే మా మిద్దె నిలబడే ఉంది. రెండిళ్ల అవతల మట్టి ఇటుకల గోడ కుప్పకూలింది. మా ఇంట్లో గోడ గూళ్లన్నీ బురదతో నిండిపోయాయి. దీపం గూట్లో బురద తీస్తుంటే మా పాప పలక దొరికింది. తలుపులు ఉబ్బి నెల రోజులు మూసుకోలేదు, తర్వాత వాటంతట అవే సరిపోయాయి. నల్లమల టేకు.

అందుకని నేను ఏ పక్షమూ కాదు. పాత ఇల్లు ఉంచుకుంటే దాని మీదికి ఎక్కడానికి గట్టి మెట్లు పెట్టుకోండి. నది ఉన్న ఊరు ఇది.

గవాక్షి
హంద్రీ_ఒడ్డు గారు, మా ఇంట్లోనూ ఆ గీత ఉంది. పడసాల గోడ మీద మనిషి తల కన్నా జానెడు పైన, గోధుమ రంగులో. నాన్న ఎన్నిసార్లు సున్నం వేయించినా ఆ చోట మాత్రం వేయనివ్వలేదు. అప్పుడు మేము ఎదురింటి మీద కాదు, బంధువుల ఊళ్లో ఉన్నాం. నాన్న ఒక్కడే ఇక్కడ ఉన్నాడు. ఆ రాత్రి గురించి ఆయన ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

సున్నంమేస్త్రి
నేను ముప్పై ఏళ్లుగా పాత మిద్దెల పని చేస్తున్నాను. మా నాన్నది కూడా ఇదే పని. మీ ఇంటి గోడలు దేనితో కట్టినవి? రాయా, మట్టి ఇటుకా? రాయి అయితే నడుమ మట్టి పెట్టారా, సున్నం పెట్టారా? అది తెలియకుండా ఎవరు ఏ సలహా చెప్పినా గుడ్డి సలహానే.

గవాక్షి
రాయి. కింద నాలుగడుగులు పెద్ద రాళ్లు, పైన చిన్నవి. నడుమ తెల్లగా గట్టిగా ఉంది, గోరుతో గీకితే రాలదు. కప్పు దూలాలు, దంతెలు, పైన నాపరాళ్లు, మట్టి. వానాకాలం వంటింటి మూల కారుతుంది. నాన్న పోయే ముందు ముందు గదికి లోపలి వైపు సిమెంటు పూత వేయించాడు. అక్కడ పెచ్చులు ఊడి తేమ కనిపిస్తోంది.

సున్నంమేస్త్రి
అయితే వినండి, కొంచెం పొడుగ్గా చెబుతాను.

గోరుకు రాలనిది సున్నం. అది గానుగ సున్నం అయి ఉంటుంది, అంటే ఎద్దుతో గానుగ తిప్పించి ఇసుకతో నూరినది. కొందరు కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. అలా కట్టిన గోడ నీళ్లలో మునిగినా కరగదు, తడి ఆరాక మళ్లీ బిగుసుకుంటుంది. 2009లో కూలినవాటిలో ఎక్కువ మట్టితో పెట్టిన గోడలు.

సిమెంటు పూత తప్పు పని. మీ నాన్నగారిని అనడం లేదు, అందరూ అదే చేస్తారు. రాయి, సున్నం నేలలోని తడిని పీల్చి గాలికి వదులుతాయి. పైన సిమెంటు వేస్తే ఆ తడి బయటికి రాలేదు, లోపలే ఉండి సున్నాన్ని తింటుంది. ఆ పూత అంతా చెక్కించి, ఒక ఎండాకాలం గోడను అలాగే ఆరనిచ్చి, తర్వాత సున్నంతోనే పూయించండి. తొందరపడకూడదు.

కప్పు సంగతి. కారడానికి కారణం చౌడు తగ్గిపోవడం. పైన వేసిన చౌడు మట్టి వాన వానకూ కొట్టుకుపోతుంది. మునుపు ప్రతి ఏడాదీ మృగశిర కార్తె లోపు మిద్దె ఎక్కి చౌడు చల్లి, దిమ్మిసతో కొట్టేవాళ్లు. ఇప్పుడు ఎవరూ ఎక్కరు. నీళ్లు పోయే తూము కూడా చూడండి, నూటికి తొంభై ఇళ్లలో అందులో పిచ్చుక గూడో రావి మొక్కో ఉంటుంది. రావి మొక్క కనిపిస్తే పీకి వదిలేయకండి, వేరుతో సహా తీయించండి. అది గోడను చీలుస్తుంది.

దూలాల విషయం అసలైనది. దూలం నడుమ బాగుంటుంది, గోడలో దిగిన కొసలు చెడతాయి. చెదలు అక్కడే. సుత్తితో తడితే బాగున్న చోట ఖంగుమంటుంది, చెడిన చోట మెత్తగా డబ్బుమంటుంది. కొస మాత్రమే చెడితే దూలం మొత్తం మార్చనక్కరలేదు, కింద నిట్టాడు, అంటే ఆనింపు గుంజ ఇచ్చి కొస వరకు కోసి అతుకు వేయవచ్చు. మొత్తం దూలాలు మార్చాలని చెప్పేవాణ్ణి నమ్మకండి. పాత టేకు అతనికి కావాలి.

పెద్దమ్మాయి
చివరి వాక్యం చదివి కడుపులో చెయ్యి పెట్టి దేవినట్లయింది. మేము ఎనిమిదేళ్ల కిందట ఇల్లు ఇచ్చేశాం. చెల్లెలి పెళ్లి, నాన్న వైద్యం, రెండూ ఆ డబ్బుతోనే అయ్యాయి. ఇచ్చినందుకు నాకు బాధ లేదు. కానీ తలుపులు, గడపలు, దూలాలు పడగొట్టేవాడికి వదిలేశాం. ఒప్పందంలో వాటి మాటే లేదు. మా సింహద్వారం మీద చెక్కిన చిలకలు ఉండేవి. ఏడాది తర్వాత వేరే ఊళ్లో ఒక హోటలు ముందు అలాంటి తలుపు చూశాను. మాదేనో కాదో తెలియదు, దగ్గరికి వెళ్లి చూసే ధైర్యం లేకపోయింది.

గవాక్షి గారు, మీరు ఏ నిర్ణయం తీసుకున్నా ముందు ఇంటి కొలతలు తీసుకోండి. ప్రతి గది ఫొటో తీయండి. అమ్మగారిని కూర్చోబెట్టి ఏ గదిని ఏమని పిలిచేవారో అడిగి రాసుకోండి.

కొలతబద్ద
పట్టణ ప్రణాళిక విభాగంలో పని చేసి పదవీ విరమణ చేశాను. అందరూ మనసు గురించి మాట్లాడుతున్నారు, నేను మీటర్ల గురించి మాట్లాడతాను. బురుజు నుంచి ఎంత దూరం, ఖచ్చితంగా?

కొండారెడ్డి బురుజు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం అటువంటి కట్టడం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆ పైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అక్కడ కట్టాలంటే ముందు అనుమతి తెచ్చుకోవాలి. గమనించండి, కొలవాల్సింది బురుజు గోడ నుంచి కాదు, రక్షిత ప్రాంతపు హద్దు నుంచి. ఈ తేడా తెలియక చాలామంది ఇరుక్కుంటారు. హంద్రీ ఒడ్డు మీది అబ్దుల్ వహాబ్ సమాధి చుట్టూ కూడా ఇదే లెక్క.

మరమ్మతులు వేరు. ఉన్న ఇంటిని బాగుచేసుకోవడానికి అనుమతి అడగవచ్చు, నిషేధిత ప్రాంతంలో కూడా.

షరాఫ్‌బజార్
ఈ చట్టం వల్లే పాతబస్తీలో చాలామంది చిక్కుకుపోయారు. కట్టనివ్వరు, బాగుచేసుకోవడానికి డబ్బివ్వరు. ఇల్లు కూలేదాకా చూస్తూ ఉండాలి. బురుజును కాపాడాలంటే కాపాడండి. దాని నీడలో పుట్టిన పాపానికి మా ఆస్తి విలువ ఎందుకు పడిపోవాలి?

కొలతబద్ద
మీ కోపం న్యాయమైనదే. రక్షణ భారం అంతా పక్కింటివాడి మీద పెట్టి, లాభం ఊరంతా పంచుకోవడం సరి కాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేనూ ఇదే చెప్పాను.

కందెనవోలు
దానికి దారి లేకపోలేదు. అహ్మదాబాదు పాత నగరం 2017లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. అక్కడ జాబితాలో చేరిన పాత ఇంటి యజమానికి, తాను కట్టుకోకుండా వదులుకున్న అంతస్తుల బదులు బదిలీ చేసుకోగల అభివృద్ధి హక్కు ఇస్తారు. దాన్ని ఊరి బయట కట్టేవారికి అమ్ముకొని ఆ డబ్బు ఇంటి మరమ్మతుకు వాడుకోవచ్చు. మన రాష్ట్రంలో రోడ్డు విస్తరణకు స్థలం ఇచ్చినవారికి ఇటువంటి బాండ్లే ఇస్తున్నారు కదా. రోడ్డుకు స్థలం ఇస్తే బాండు, బురుజు కోసం ఆకాశం వదులుకుంటే ఏమీ లేదా? అడగవలసింది ఇది. విడివిడిగా కాదు, వీధి వీధి కలిసి అడగాలి.

షరాఫ్‌బజార్
ఇది మంచి మాట. ఇలా అయితే నేనూ సంతకం పెడతాను. కానీ ఈ బాండ్లు చేతికి రావడానికి, వచ్చాక కొనేవాడు దొరకడానికి ఎన్నాళ్లు పడుతుందో కూడా ఆలోచించండి. గవాక్షి గారికి దసరా లోపు జవాబు కావాలి.

బుగ్గవంక
కడప నుంచి ఒక మాట. బ్రౌన్ దొర ఇక్కడ బంగళా కొని, పండితులను పెట్టుకొని, తాళపత్ర గ్రంథాలకు ప్రతులు రాయించాడు. వేమన పద్యాలు, కావ్యాలు ఎన్నో అచ్చుకు ఎక్కడానికి ఆ పనే ఆధారం. ఆ బంగళా చివరికి మొండిగోడలయింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ల తరబడి చందాలు పోగుచేసి ఆ స్థలంలోనే గ్రంథాలయం నిలబెట్టారు. అది ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. నాకు ఆ గ్రంథాలయం అంటే ప్రాణం. కానీ అక్కడికి వెళ్లిన ప్రతిసారీ ఒకటే అనుకుంటాను. గోడలు నిలిచి ఉన్నప్పుడే ఎవరైనా పైకప్పు వేసి ఉంటే, ఆయన కూర్చున్న గదిలోనే మనం కూర్చుని చదువుకునేవాళ్లం.

రాజ్‌విహార్‌వాసి
అది దొర బంగళా. మామూలు మనుషుల ఇళ్లను ఎవరు పట్టించుకుంటారు?

సీక్యాంపు
మామూలు మనుషుల ఇళ్లే ఈ ఊరిని రాజధాని చేశాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు కార్యాలయాలకు కట్టడాలు లేవు, గుడారాలు వేశారు. మా తాత మద్రాసు నుంచి గుమాస్తాగా వచ్చాడు. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అని ఇప్పటికీ మనం పిలిచే పేర్లు ఆ రోజులవే. క్వార్టర్లు వచ్చేదాకా పాతబస్తీలో ఒక మిద్దెలో ముందు గది అద్దెకు తీసుకున్నాడు. ఇంటి యజమానురాలు వంటింట్లోకి రానిచ్చేది కాదట, కానీ రోజూ సాయంత్రం అరుగు మీద మజ్జిగ పెట్టేదట. ఫైళ్లు అరుగు మీదే పరచుకొని రాసుకునేవాడు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది, తాత పోలేదు. ఈ ఊరి నీళ్లు వంటబట్టాయి అనేవాడు.

ఆ మిద్దె ఎక్కడ ఉండేదో చూపించమని చాలాసార్లు అడిగాను. ఒకసారి తీసుకెళ్లాడు. అక్కడ ఫోను కవర్ల దుకాణం ఉంది. తాత కాసేపు నిలబడి, "అరుగు ఇక్కడ" అని నేల మీద కర్రతో చూపించాడు.

బనగానపల్లె_మామిడి
ఆ మజ్జిగ మాట చదివి కళ్లు తడిశాయి.

పాతూరు_అనంత
అనంతపురం పాతూరులో మాదీ ఇలాంటి ఇల్లే, నిలబెట్టుకున్నాం. ఎలా అంటే ఇంటితో పని చేయించాం. ముందు గది, అరుగు ట్యూషన్లకు అద్దెకు ఇచ్చాం. నడిమింట్లో, వెనక మేముంటాం. వచ్చే అద్దెలో ప్రతి నెలా కొంత ఇంటి పేరు మీద బ్యాంకులో వేస్తాం, దాన్ని ఎవరూ ముట్టుకోరు. రెండేళ్లకోసారి కప్పు పని ఆ డబ్బుతోనే. ఏప్రిల్, మే నెలల్లో మా ట్యూషన్ మాస్టారు ఏసీ పెట్టమని అడగలేదు. రెండడుగుల మందం గోడ ఉంటే ఎండ లోపలికి రావడానికి సాయంత్రం అవుతుంది, అప్పటికి పిల్లలు ఇంటికి పోతారు.

మరుగుదొడ్డి మాత్రం కొత్తగా, పెరట్లో విడిగా కట్టించాం. పాత గోడలో నీళ్ల గొట్టాలు దూర్చకండి. సున్నంమేస్త్రి గారు ఇది చెప్పలేదు, నేను చెబుతున్నాను.

సున్నంమేస్త్రి
మంచి మాట గుర్తుచేశారు. గొట్టాలు ఎప్పుడూ గోడ బయటే.

షరాఫ్‌బజార్
ట్యూషను, టైలరింగు, చిన్న కార్యాలయం, ఇవి పాత ఇంట్లో నడుస్తాయి. నేను కూడా నా దుకాణం పైగదిని ఒక ఆడిటరుకు ఇచ్చాను. గోదాములే చిక్కు. నివాస ప్రాంతంలో గోదాము పెడితే ఫిర్యాదు చేయవచ్చా, కొలతబద్ద గారు?

కొలతబద్ద
చేయవచ్చు. మాస్టర్ ప్లాన్‌లో ఆ సందు ఏ రంగులో ఉందో ముందు చూడండి. నివాస ప్రాంతమైతే గోదాముకు అనుమతి ఉండకూడదు. కాగితం మీద రాసి, ఫొటోలు జతచేసి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. రసీదు తీసుకోండి. ఒక్కరు ఇస్తే పక్కింటి తగాదా అంటారు, నాలుగిళ్లూ కలిసి ఇవ్వండి. ప్లాస్టిక్, ఫోము నిల్వ ఉన్నాయని, అగ్నిమాపక వాహనం దూరదని తప్పకుండా రాయండి. షరాఫ్‌బజార్ గారు మొదట చెప్పిన మాటే ఇక్కడ బలమైన ఆధారం.

గవాక్షి
రెండు రోజులు రాయలేకపోయాను. చిన్న తమ్ముడితో కలిసి కొలిచాం. సందులు వంకర కాబట్టి ఫోను మ్యాపులో బురుజు కంచె నుంచి గీత గీశాం. 160 మీటర్లకు అటూ ఇటూ వచ్చింది. అంటే నియంత్రిత ప్రాంతం.

బిల్డరును అడిగాను. "అవన్నీ నేను చూసుకుంటాను, మీరు సంతకం పెట్టండి చాలు" అన్నాడు. ఒప్పంద పత్రం ముసాయిదా తెప్పించి చదివాను. అనుమతి రాకపోతే ఏమిటో ఒక్క ముక్క లేదు. కానీ సంతకం అయిన నెలలో ఇల్లు ఖాళీ చేయాలి, పడగొట్టే హక్కు ఆయనది, పాత సామాను ఆయనది అని ఉంది. పెద్దమ్మాయి గారు, మీరు చెప్పకపోతే ఆ చివరి మాట నా కంటికి ఆనేది కాదు.

వకీలు_గుమాస్తా
ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఇల్లు ముందు పోతుంది, అనుమతి తర్వాత రాదు. ఖాళీ స్థలంతో కూర్చుంటారు. ఇవ్వాలనుకున్నా సరే, అన్ని అనుమతులూ చేతికి వచ్చాకే ఇల్లు అప్పగిస్తాం అని రాయించుకోండి. ఆలస్యానికి నెలకు ఇంత పరిహారం అని ఉండాలి. మీ వాటా ఏ అంతస్తులో, ఏ వైపో పటం మీద గుర్తు పెట్టించుకోండి.

ఇంకొకటి. ఆస్తి నాన్నగారిది, వీలునామా లేకపోతే మీరు నలుగురూ మొదటి తరగతి వారసులు, నలుగురికీ సమాన వాటా. మీలో ఒకరు తన వాటా బయటివారికి అమ్మాలనుకుంటే, ముందుగా కొనే హక్కు మిగతా వారసులకు ఉంటుంది. హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షను. బెంగళూరు తమ్ముడికి డబ్బు కావాలంటే ఆ వాటా మీరే కొనవచ్చు, ఒకేసారి కాకపోయినా వాయిదాల మీద. దాన్ని రాతపూర్వకంగా చేసుకోండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అని నోటిమాట మీద వదిలేస్తే పిల్లల తరంలో కోర్టుకు వస్తుంది. రోజూ చూస్తున్నాను.

పెద్దమ్మాయి
పెద్ద తమ్ముడిని తప్పుగా అనుకోకండి. బయట ఊళ్లో అద్దెకు ఉండేవాడికి ఇక్కడి ఇల్లు ఒక తాళం వేసిన పెట్టె. అందులో తన వాటా ఉందని తెలుసు, చేతికి రాదు. మా అన్న కూడా అంతే. ఆయన్ను పిలిచి ఒక వారం ఆ ఇంట్లో ఉంచండి.

హంద్రీ_ఒడ్డు
ఉంచితే వానాకాలంలో ఉంచండి, కారే మూల కూడా చూడాలి. మంచి మాత్రమే చూపించి ఒప్పించకూడదు.

గవాక్షి
నిన్న పెద్దవాడితో గంటన్నర మాట్లాడాను. మొదట కోపంగానే ఉన్నాడు. "అక్కా, నీకు ఇల్లు ఊళ్లోనే ఉంది, నాకు లేదు" అన్నాడు. నిజమే. నేను ఇంతవరకు అలా ఆలోచించలేదు. దసరాకు రమ్మన్నాను, సంతకాల కోసం కాదు, నలుగురం కూర్చోవడానికి. ముందు గది అద్దెకు ఇచ్చి, ఆ అద్దె మొదటి మూడేళ్లు వాడికే పంపితే, ఆ తర్వాత వాటా గురించి మాట్లాడదామా అని అడిగాను. ఆలోచిస్తానన్నాడు. వద్దనలేదు.

చిన్నవాడు ఇన్నాళ్లకు నోరు తెరిచాడు. నాన్న వరదనాటి రాత్రి ఎక్కడున్నాడో వాడికి చెప్పాడట. మిద్దె మీద, గవాక్షికి అడ్డంగా పడుకొని, లోపల నీళ్లు ఎంత ఎక్కుతున్నాయో తెల్లవార్లూ టార్చి వేసి చూస్తూ ఉన్నాడట. అందుకే ఆ గీత చెరపనివ్వలేదు.

సున్నంమేస్త్రి గారు, మీరు ఒకసారి వచ్చి చూస్తారా? ఎంత ఖర్చవుతుందో తెలిస్తేనే దసరాకు నేను ఏమైనా చెప్పగలను. మీ కూలి మీకు ఇస్తాను.

షరాఫ్‌బజార్
మేస్త్రి గారు వెళ్లే రోజు చెప్పండి, నేనూ వస్తాను. గోదాముల ఫిర్యాదు కాగితం రాసుకొని వస్తాను, మీ నాలుగిళ్లవాళ్లతో అక్కడే సంతకాలు పెట్టించవచ్చు. మాది పక్క సందే.

సున్నంమేస్త్రి
ఆదివారం పొద్దున్నే ఏడింటికి వస్తాను, ఎండ ఎక్కకముందు కప్పు చూడాలి. చూసినందుకు డబ్బు వద్దు. నిచ్చెన, సుత్తి నేనే తెస్తాను. మునుపు మీ ఇంటికి చౌడు ఏ వైపు నుంచి తెచ్చేవారో అమ్మగారికి గుర్తుంటే అడిగి ఉంచండి. వంటింటి మూలలో సామాను తీసి పెట్టండి, దూలం కొస అక్కడే తట్టి చూడాలి.